పటిక వేసిన నీళ్లల్ల ఫ్లోరైడ్: స్పాడ్న్స్‌ల ఒకటి, ఎలక్ట్రోడ్‌ల ఇంకోటి వస్తుంది, ఏది నమ్మాలె?

మునుగోడు_పిల్ల
నమస్తే అందరికి. నేను ఎంటెక్ ఎన్విరాన్‌మెంటల్ ఫస్టియర్, బీటెక్ సివిల్. ఇంటర్ తర్వాత కెమిస్ట్రీ పెద్దగ ముట్టుకోలె, ఇప్పుడేమో వాటర్ అనాలిసిస్ ల్యాబ్, ట్రీట్‌మెంట్ థియరీ రెండూ ఒకే సెమిస్టర్ల పడ్డయి, కానీ ల్యాబ్‌ల చేసే టైట్రేషన్‌కు క్లాసుల చెప్పే డిజైన్‌కు లింకు ఏందో ఎవ్వరు చెప్తలేరు, రీడింగ్ రాసుకో, రికార్డ్ సంతకం పెట్టించుకో, అంతే.

మినీ ప్రాజెక్ట్ కోసం మా ఊరి పాత బోరు నీళ్లు తెచ్చిన. ఇప్పుడు తాగేటందుకు భగీరథ నల్లా వస్తుంది, ఈ బోరు బట్టలకు, పశువులకే. రిజల్ట్స్ ఇవి, అన్నీ లీటరుకు మిల్లీగ్రాములల్ల: కాల్షియం 32, మెగ్నీషియం 24, సోడియం 161, పొటాషియం 4, ఆల్కలినిటీ 360 కాల్షియం కార్బొనేట్ లెక్కన, క్లోరైడ్ 71, సల్ఫేట్ 38, నైట్రేట్ 31, ఫ్లోరైడ్ 3.2. పీహెచ్ 7.9.

దీనికి నల్లగొండ టెక్నిక్ పద్ధతిల, అంటే పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిల, జార్ టెస్ట్ చేసిన, పటిక లీటరుకు 400 మిల్లీగ్రాములు, సున్నం 20. పైన తేరిన నీళ్లు తీసి స్పాడ్న్స్‌ల, అంటే రంగు ఎంత వెలిసిందో చూసి ఫ్లోరైడ్ కొలిచే పద్ధతిల, చూస్తే ఫ్లోరైడ్ 0.6 వచ్చింది, మస్తు ఖుషీ అయిన. అదే నీళ్లు పక్క ల్యాబ్‌ల ఎలక్ట్రోడ్ పెట్టి చూస్తే 1.3. పచ్చి నీళ్లకు మాత్రం రెండిట్ల 3.2 దగ్గర్నే వచ్చింది. మరి ట్రీట్ చేసినంక ఎందుకు తేడా కొడ్తుంది? గైడ్‌ను అడిగితే ఏదో ఒకటి రాసెయ్యమన్నరు. నాకు అట్ల రాయబుద్ధి అయితలేదు.

గోదారి_గట్టు
ఏదో ఒకటి రాయకండి అమ్మా, మంచి పని చేశారు అడిగి. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఫిల్టర్ ప్లాంట్ ల్యాబ్‌లో పనిచేస్తున్నా, మా దగ్గరకొచ్చే ట్రైనీలు కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

ఫ్లోరైడ్ సంగతికి ముందు ఒక్క పని చేయండి. పచ్చి నీళ్ల రిపోర్ట్‌కి అయాన్ బ్యాలెన్స్ వేశారా? కాటయాన్లు అన్నీ మిల్లీ ఈక్వివలెంట్లలోకి మార్చి కూడండి, ఆనయాన్లు కూడండి, రెండూ దాదాపు సమానం కావాలి, ఎందుకంటే నీళ్లకి కరెంటు షాక్ కొట్టే గుణం ఉండదు కదా, ప్లస్ ఎంతుందో మైనస్ అంతే ఉండాలి. అది కుదరకపోతే ఫ్లోరైడ్ గురించి మాట్లాడుకోవడం దండగ.

మునుగోడు_పిల్ల
ఇప్పుడే వేసిన సార్. కాల్షియం 32ను 20తోని భాగిస్తే 1.6, మెగ్నీషియం 24ను 12.15తోని 1.98, సోడియం 161ని 23తోని 7.0, పొటాషియం 0.1. మొత్తం 10.68. అటుదిక్కు ఆల్కలినిటీ 360ని 50తోని 7.2, క్లోరైడ్ 2.0, సల్ఫేట్ 0.79, నైట్రేట్ 0.5, ఫ్లోరైడ్ 0.17. మొత్తం 10.66. మంచిగనే కుదిరింది!

గోదారి_గట్టు
బాగా కుదిరింది. మీ కండక్టివిటీ 1,050, 1,100 మధ్యలో వచ్చి ఉండాలే, చూడండి. ఒక వైపు మొత్తాన్ని వందతో గుణిస్తే కండక్టివిటీ దగ్గర్లోకి వస్తుంది, ల్యాబ్‌లో అందరం వాడే చెక్ అది. అంటే మీ పచ్చి నీళ్ల అనాలిసిస్ నమ్మొచ్చు.

ఇప్పుడు ఆ నంబర్లని చదవండి. సోడియం 7, బైకార్బొనేట్ 7, కాల్షియం చూస్తే 1.6 మాత్రమే. ఇది గ్రానైట్ ప్రాంతం బోరు అని నంబర్లే చెప్తున్నాయి. కాల్షియం తక్కువున్న చోటే ఫ్లోరైడ్ పెరుగుతుంది, కాల్షియం ఫ్లోరైడ్ కరిగే హద్దు అలాంటిది. సాల్యుబిలిటీ ప్రోడక్ట్ 3.45 ఇంటూ పది టు ది పవర్ మైనస్ 11 అనుకుని వేయండి, మీ కాల్షియం 32కి ఫ్లోరైడ్ 3.9 దాకా కరిగి ఉండగలదు, కాల్షియం 100 ఉంటే 2.2 దగ్గరే ఆగిపోతుంది, 10కి పడిపోతే 7 దాటుతుంది. అందుకే మెత్తటి నీళ్లు, సబ్బు బాగా నురగొస్తుంది అని జనం మెచ్చుకునే బోర్లలోనే ఒక్కోసారి ఫ్లోరైడ్ ఎక్కువ.

సివిల్_టు_గేట్
అన్నా ఒక డౌట్, మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి. ఆల్కలినిటీ 360 అంటున్నారు పీహెచ్ ఏమో 7.9 ఏ ఉంది. ఆల్కలినిటీ అంటే పీహెచ్ ఎక్కువ ఉండటమే కదా? నేను గేట్‌కి ఎన్విరాన్‌మెంటల్ పేపర్ ప్రిపేర్ అవుతున్నా, 2021 నుంచి సెపరేట్ పేపర్ పెట్టారు కదా అది, ఈ చాప్టర్ దగ్గర ఫార్ములాలు బట్టీ కొడుతున్నా గానీ అర్థం కావట్లేదు

ల్యాబ్_అక్క
కాదు తమ్ముడూ. పీహెచ్ అంటే ఇప్పుడు ఆ నీళ్లు ఎక్కడున్నాయన్నది. ఆల్కలినిటీ అంటే యాసిడ్ పోస్తే ఎంత వరకు తట్టుకుంటాయన్నది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే పీహెచ్ 9 పైకి పోతుంది, కానీ ఆల్కలినిటీ దాదాపు ఏమీ ఉండదు, కాస్త యాసిడ్ తగిలితే ఢామ్మని పడిపోతుంది. మునుగోడు అమ్మాయి బోరు నీళ్లకి పీహెచ్ 7.9 అయినా బైకార్బొనేట్ దండిగా ఉంది కాబట్టి చాలా యాసిడ్ తాగుతుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే పటిక కూడా ఒక యాసిడ్ లాగే పనిచేస్తుంది. ఒక మిల్లీగ్రాము పటిక వేస్తే దాదాపు అర మిల్లీగ్రాము ఆల్కలినిటీ ఖర్చవుతుంది. 400 వేస్తే 200 పోతుంది. 360లో 200 పోగా 160, సున్నం వల్ల ఒక పాతిక ముప్పై తిరిగొస్తుంది. అదే ఆల్కలినిటీ 120 ఉన్న చెరువు నీళ్లలో ఇదే డోసు వేసి చూడు, పీహెచ్ కుప్పకూలిపోయి ఫ్లాక్, అంటే అడుక్కి దిగే మడ్డి తునకలు, కట్టదు, అల్యూమినియం నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. టైట్రేషన్ చేసి ఆల్కలినిటీ నంబర్ రాయడం అంటే సున్నం ఎంత కొనాలో రాయడమే. ల్యాబ్‌కీ డిజైన్‌కీ లింకు ఏంటని అడిగావు కదమ్మా, ఇదే.

మునుగోడు_పిల్ల
అక్కా నిజంగనే ట్రీట్ చేసినంక ఆల్కలినిటీ 186 వచ్చింది, పీహెచ్ 6.7! అప్పుడు ఎందుకు తగ్గిందో ఎవ్వరు చెప్పలే, నేను రీడింగ్ రాసి పక్కకు పెట్టిన.

ల్యాబ్_అక్క
చూశావా, లెక్కకి కరెక్ట్‌గా సరిపోయింది. అంటే నీ డోసు కూడా కరెక్ట్‌గానే పడింది. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బ్లీచింగ్ ఏమైనా వేశావా జార్‌లో? నల్లగొండ టెక్నిక్‌లో చివర్లో బ్లీచింగ్ పౌడర్ కూడా ఉంటుంది కదా.

మునుగోడు_పిల్ల
లేదక్కా, ఉత్త పటిక, సున్నం. ఒక నిమిషం ఫాస్ట్‌గ తిప్పినం, తర్వాత పావుగంట స్లోగ, గంట సేపు తేరనిచ్చినం.

ల్యాబ్_అక్క
అయితే క్లోరిన్ కాదు. క్లోరిన్ ఉంటే స్పాడ్న్స్ రంగుని అదే కొరికేస్తుంది, ఫ్లోరైడ్ లేకపోయినా ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది. నీది ఉల్టా, తక్కువ చూపిస్తోంది.

స్పాడ్న్స్ ఎలా పనిచేస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకో. జిర్కోనియం, డై రెండూ కలిసి ఎర్రటి రంగు. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియంని లాక్కుపోతుంది, రంగు వెలిసిపోతుంది. 570 నానోమీటర్ల దగ్గర ఎంత వెలిసిందో అదే ఫ్లోరైడ్. బాగానే ఉంది. కానీ నీళ్లలో అల్యూమినియం ఉందనుకో, ఫ్లోరైడ్‌ని అది పట్టుకుని కూర్చుంటుంది, జిర్కోనియం దగ్గరకి పోనివ్వదు. రంగు వెలవదు. ఫ్లోరైడ్ తక్కువుంది అనుకుంటాం. లీటరుకి 0.1 మిల్లీగ్రాము అల్యూమినియం ఉన్నా చాలు, 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దగ్గర 0.1 తేడా వచ్చేస్తుంది. నువ్వు పటిక వేసిన నీళ్లు, అంటే అల్యూమినియం పోసిన నీళ్లు! పచ్చి నీళ్లలో రెండు పద్ధతులూ కలిశాయి, ట్రీట్ చేశాక విడిపోయాయి అంటే నాకైతే ఇదే అనిపిస్తోంది. ఇంకోటి, నువ్వు తేరిన నీళ్లు వడకట్టావా? సన్న ఫ్లాక్ తేలుతూ వచ్చి ఉంటే స్పాడ్న్స్ రీజెంట్ గట్టి యాసిడ్ కాబట్టి అది కూడా కరిగి ఇంకా అల్యూమినియం కలుస్తుంది.

గోదారి_గట్టు
ల్యాబ్ అక్క గారు చెప్పిందే నా మాట కూడా. ఎలక్ట్రోడ్‌లో ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు, ఎందుకంటే శాంపిల్‌తో సమానంగా టైసాబ్ అనే బఫర్ ద్రావణం కలుపుతాం, అందులో సీడీటీఏ అనే రసాయనం ఉంటుంది, అది అల్యూమినియంని తను పట్టుకుని ఫ్లోరైడ్‌ని వదిలేస్తుంది. దాని తట్టుకునే హద్దు 3 మిల్లీగ్రాముల దాకా. కానీ మార్కెట్లో సీడీటీఏ లేని టైసాబ్ కూడా దొరుకుతుంది, సీసా మీద చూడండి. అలాగే ఎలక్ట్రోడ్ స్లోప్ ఎంతొచ్చిందో అడగండి, ఫ్లోరైడ్ పది రెట్లు మారితే మైనస్ 54 నుంచి 60 మిల్లీవోల్ట్ల మధ్య ఉండాలి.

నమ్మకం మీద వదిలేయకండి, ఋజువు చేయండి. ట్రీట్ చేసిన నీళ్లు రెండు భాగాలు చేసి ఒకదాంట్లో లీటరుకి 1 మిల్లీగ్రాము వచ్చేలా ఫ్లోరైడ్ స్టాండర్డ్ కలపండి. రెండు పద్ధతుల్లోనూ చూడండి. మీరు కలిపిన 1ని ఏ పద్ధతి తిరిగి చూపిస్తే అది ఆ నీళ్లకి పనికొచ్చే పద్ధతి. మీ టీచర్లకి కూడా ఇది చూపిస్తే వాదన ఉండదు.

మార్పు_కావాలి
ఇంత గొడవ ఎందుకండీ, ఊళ్లో ఒక ఆర్వో ప్లాంటు పెట్టేస్తే అయిపోద్ది కదా. మా ఊళ్లో 20 లీటర్ల క్యాన్ అందరూ అదే తాగుతున్నారు, ఫ్లోరైడ్ లేదు ఏమీ లేదు. ఈ పటిక పద్ధతి పాతకాలంది

రిటైర్డ్_ఏఈఈ
మార్పు గారూ, ఆర్వో ఫ్లోరైడ్ తీసేస్తుంది, అందులో అనుమానం లేదు. తీసి ఎక్కడ పెడుతుందో కూడా చూడండి. వంద లీటర్లు లోపలికి పోతే నలభై క్యాన్లోకి, అరవై కాలువలోకి అనుకుందాం. ఈ అమ్మాయి బోరు నీళ్లలో 3.2 ఉంది, అది మొత్తం ఆ అరవైలోకి పోతే అక్కడ 5.3 అవుతుంది. ఆ నీళ్లు ఊరి పక్క గుంటలో నిలిచి మళ్లీ భూమిలోకే. ఈ సంగతి ఎవరూ అడగరు, నాకు బాధ అదే.

పటిక పద్ధతి పాతదే. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసి మన జిల్లా పేరు పెట్టారు, 1980లో కదిరిలో మొదటి కమ్యూనిటీ ప్లాంటు వచ్చింది. అంతకంటే ముందే, 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లా కిందికొచ్చిన ప్రాంతంలో, దేశంలో మొట్టమొదట ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బుని గుర్తించి రాశారు. అంటే మన తెలుగు నేల మీద ఈ గోస ఎంత కాలం నుంచి ఉందో చూడండి. నేను సర్వీసులో ఉన్నప్పుడు మర్రిగూడ వైపు తిరిగేవాణ్ణి, నడుం వంగిపోయి కర్ర పట్టుకుని నడిచే నలభై ఏళ్ల మనిషిని చూస్తే అరవై అనుకునేవాళ్లం.

మరి ప్లాంట్లు ఎందుకు ఆగాయంటే, టెక్నిక్ తప్పు కాదు. రోజూ బోరు నీళ్ల ఫ్లోరైడ్, ఆల్కలినిటీ చూసి డోసు మార్చాలి, ఊళ్లో ఆ పని చేసే మనిషి ఉండాలి, అతనికి నెల నెలా జీతం రావాలి. ఇక అడుగున పేరే మడ్డి. పటిక 400 వేస్తే లీటరుకి దాదాపు 100 మిల్లీగ్రాముల అల్యూమినియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది, పది వేల లీటర్ల ప్లాంటుకి రోజుకి కిలో ఎండు లెక్క, తడిగా చూస్తే బకెట్ల కొద్దీ. అది ఫ్లోరైడ్ నింపుకున్న మడ్డి. దాన్ని ప్లాంటు వెనక పారబోసేవాళ్లు. చివరికి పరిష్కారం కృష్ణా నీళ్లు తెచ్చి పోయడమే అయింది, అదే సరైనది కూడా. కానీ పైపు పగిలిన రోజు, కరెంటు లేని రోజు జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు, అందుకే ఈ చదువు పాతబడదు.

మునుగోడు_పిల్ల
సార్ మా తాతకు కూడ అట్లనే నడుము వంగింది. అందుకే ఈ బోరే తీసుకున్న ప్రాజెక్ట్‌కు.

డల్లాస్_తెలుగు
చాలా మంచి థ్రెడ్. నేను ఇక్కడ వాటర్ యుటిలిటీలో ప్రాసెస్ ఇంజినీర్‌ని. మాకు ఉల్టా పని, పళ్లు పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతాం, 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్‌తో మొదలైంది, 2015 నుంచి లీటరుకి 0.7 మిల్లీగ్రాములు అని సిఫార్సు. మన దేశం స్టాండర్డ్‌లో 1.0 దాకా ఫర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే 1.5. ఇక్కడ చట్టం ప్రకారం పై హద్దు 4. తేడా చూసి కంగారు పడకండి, ఎండాకాలం పొలంలో పనిచేసే మనిషి రోజుకి ఎన్ని లీటర్లు తాగుతాడో ఆలోచించండి, లీటరుకి ఎంతుందన్నదొక్కటే కాదు, ఒంట్లోకి మొత్తం ఎంత పోయిందన్నది లెక్క. అందుకే మునుగోడు చెల్లి విషయంలో 0.6కీ 1.3కీ తేడా మామూలు తేడా కాదు. ఒకటి హద్దు లోపల, ఇంకోటి హద్దు దాటి.

ఇంకో మాట చెల్లీ, ఫ్లోరైడ్ ఒక్కటే చూడకు. 400 పటిక అంటే సల్ఫేట్ 170 నుంచి 190 దాకా కొత్తగా కలుస్తుంది, పటికలో నీటి అణువులు ఎన్నున్నాయన్నదాన్ని బట్టి. నీ పచ్చి నీళ్లలో 38 ఉంది కదా, కలిపి చూడు. మిగిలిన అల్యూమినియం కూడా కొలువు, మన హద్దు 0.03, తప్పని పరిస్థితిలో 0.2.

సివిల్_టు_గేట్
అంటే ఒక రోగం తగ్గించడానికి వేసిన మందు వల్ల సల్ఫేట్ 200 హద్దు దాటిపోతుందా!! ఈ లెక్క ఏ కోచింగ్‌లో చెప్పలేదు అన్నా

డల్లాస్_తెలుగు
దాటొచ్చు. సల్ఫేట్‌కి 400 దాకా వెసులుబాటు ఉంది, అందుకే నడిచింది. నువ్వే వేసి చూడు, మూడు సల్ఫేట్లు 288, 14 నీటి అణువుల పటిక అయితే దాన్ని 594తో భాగించి 400తో గుణించు, అదే 18 నీటి అణువుల పటిక అయితే 666తో. ఇలా ఒక్క నీళ్ల శాంపిల్ తీసుకుని మొదట్నుంచి చివరిదాకా లెక్కలు వేస్తే గేట్‌లో వచ్చే సగం న్యూమరికల్స్ వాటంతటవే వచ్చేస్తాయి.

మునుగోడు_పిల్ల
అందరికి చాలా థ్యాంక్స్. చెప్పినట్టే చేసిన, రిజల్ట్స్ పెడ్తున్న.

మొదలు తేరిన నీళ్లను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌ల పోసిన, స్పాడ్న్స్ 0.6 నుంచి 0.8కి పెరిగింది. అంటే సన్న ఫ్లాక్ కొంత వస్తుండె. తర్వాత 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ కలిపి (స్పైక్ చేసి) చూస్తే స్పాడ్న్స్ ఆ 1ల 0.65 మాత్రమే తిరిగి చూపించింది, ఎలక్ట్రోడ్ 0.97. టైసాబ్ సీసా మీద సీడీటీఏ ఉంది, స్లోప్ మైనస్ 58.

ఇంకోటి చూసిన, అదే స్పాడ్న్స్ ట్యూబ్‌ను పారబొయ్యకుండ రెండు గంటలు అట్లనే ఉంచి మళ్లీ చదివితే రంగు ఇంకింత వెలిసింది, రీడింగ్ 1.0 దాటింది. ఇదెందుకక్కా?

ల్యాబ్_అక్క
శభాష్! అది చూడాలని అనిపించడమే పెద్ద విషయం. ఆ యాసిడ్‌లో అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్ మెల్లమెల్లగా విడిపోయి జిర్కోనియం దగ్గరికి పోతుంది. అల్యూమినియం వల్ల వచ్చే తప్పు టైంతో తగ్గుతుంది, వేరే కారణమైతే ఇలా తగ్గదు. కాబట్టి దొంగ ఎవరో దాదాపు దొరికినట్టే.

ఇక చివరి మాట కావాలంటే డిస్టిలేషన్ చెయ్. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో మరిగిస్తే ఫ్లోరైడ్ ఆవిరితో బయటికొస్తుంది, అల్యూమినియం ఫ్లాస్కులోనే ఉండిపోతుంది, వచ్చిన నీళ్లకి స్పాడ్న్స్ చెయ్. కానీ ఒంటరిగా చేయొద్దు, గాగుల్స్ పెట్టుకో, యాసిడ్ కలిపాక బాగా కలిసేదాకా వేడి పెట్టకు, అడుగున యాసిడ్ పొర ఉండిపోతే ఎగజిమ్ముతుంది. థర్మామీటర్ మీదే కన్నుండాలి, 180 డిగ్రీలకి రాగానే ఆపేయాలి, దాటితే సల్ఫేట్ కూడా వచ్చి రీడింగ్ పాడవుతుంది. శాంపిల్స్ గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో పెట్టు.

మునుగోడు_పిల్ల
మా ల్యాబ్ అసిస్టెంట్ సార్ పక్కన నిలబడి చేయించిండు. డిస్టిల్ చేసినదాంట్ల స్పాడ్న్స్ 1.26. ఎలక్ట్రోడ్ 1.3. కలిసినయి! సల్ఫేట్ కూడ చూసిన, 214.

మరి ఇప్పుడు రిపోర్ట్‌ల 1.3 రాస్తున్న, పటిక డోసు పెంచి మళ్లీ జార్ టెస్ట్ పెడ్తున్న, ఆల్కలినిటీ ఇంకా 186 ఉంది కాబట్టి కొంత తట్టుకుంటది అనుకుంటున్న. కరెక్టేనా?

గోదారి_గట్టు
కరెక్టే. ఆల్కలినిటీ పరంగా 450, 500 దాకా ఇబ్బంది లేదు, కానీ సల్ఫేట్ కూడా పైకి పోతుంది, కరిగిన అల్యూమినియం ఎంతుందో ప్రతి జార్‌కీ కొలవండి. డోసు పెంచే ముందు ఇదే 400కి సున్నం కొంచెం మార్చి పీహెచ్ 6.2, 6.5, 6.8, 7.1 దగ్గర నాలుగు జార్లు పెట్టి చూడండి. అల్యూమినియం తక్కువ కరిగేది ఆ మధ్యలోనే ఎక్కడో దొరుకుతుంది, పటిక పెంచకుండానే ఫ్లోరైడ్ ఇంకాస్త దిగొచ్చు.

రిటైర్డ్_ఏఈఈ
అమ్మా, ఒక్క సంగతి నీ రిపోర్ట్‌లో తప్పకుండా రాయి. ఊళ్లలో వాడే ఫీల్డ్ కిట్లు చాలావరకు జిర్కోనియం రంగు మీద ఆధారపడ్డవే. పచ్చి బోరు నీళ్లకి అవి పనికొస్తాయి. పటిక వేసిన నీళ్లకి అదే కిట్ వాడితే నీకొచ్చినట్టే తక్కువ చూపించి, నీళ్లు బాగున్నాయని జనానికి చెప్పేస్తారు. ఇప్పటికీ ఎక్కడైనా పటిక ప్లాంటు నడుస్తుంటే అక్కడి నీళ్లు కిట్‌తో చూసి వదిలేయకుండా ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్‌కి పంపాలని రాయి. నీ స్పైక్ లెక్కలు పక్కనే పెట్టు.

మునుగోడు_పిల్ల
రాస్తున్న సార్. మా మండలంల కిట్ పట్టుకొని తిరిగే అక్కలు ఇద్దరు తెలుసు నాకు, ఆదివారం ఊరికి పోయినప్పుడు వాళ్ల కిట్‌తోనే ఈ రెండు నీళ్లు, పచ్చివి, పటిక వేసినవి, పక్కపక్కన పెట్టి చూపిస్త. పీహెచ్ మార్చిన నాలుగు జార్ల రిజల్ట్స్ వచ్చినంక ఇక్కడనే పెడ్త.